మీ మెయిల్ ఖాతాలోకి మరొకరు చొరబడినప్పుడు ఏం చేయాలి

తిరుపతిలో ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే చిన్న కార్యాలయం నడుపుతున్నాను. మా దగ్గరకు వచ్చేవారిలో చిత్తూరు వైపు మామిడి గుజ్జు వ్యాపారం చేసేవారు కొందరున్నారు. ఒక జూన్ నెలలో, తోతాపురి కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉన్న రోజుల్లో, వారిలో ఒకరు ఫోన్ చేసి, తనకు రావలసిన డబ్బును ముంబైలోని కొనుగోలుదారు ఎవరిదో తెలియని ఖాతాకు పంపాడని చెప్పారు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ నంబరుకు పంపండి" అన్న మెయిల్ ఆ కొనుగోలుదారుకు వెళ్లింది వేరే చిరునామా నుంచి కాదు, ఈయన సొంత మెయిల్ నుంచే.

ఆ సాయంత్రమే ఆయన చేత పాస్‌వర్డ్ మార్పించి, పని పూర్తయిందనుకున్నాను. రెండు రోజులు గడిచినా ముంబై నుంచి పంపుతున్న మెయిళ్లు మాత్రం ఆయన ఇన్‌బాక్సులో కనిపించలేదు. అప్పుడు సెట్టింగులు తెరిచి వెతికితే ఫిల్టర్ల పేజీలో ఒకే ఒక్క వరుస ఉంది. ఆ కొనుగోలుదారు నుంచి వచ్చే ప్రతి మెయిలూ ఇన్‌బాక్సుకు రాకుండా, చదివేసినట్టు గుర్తు పడి, నేరుగా చెత్తబుట్టలోకి పోవాలన్నది ఆ వరుసలోని ఆదేశం. లోపలికి వచ్చినవాడు దాన్ని రాసిపెట్టి వెళ్లాడు. పాస్‌వర్డ్ మారినా ఆ ఆదేశం తన పని తాను చేసుకుపోతూనే ఉంది. ఈ మార్గదర్శిని రాయడానికి కారణం ఆ ఒక్క వరుసే. ఖాతా చేజారిందని తెలియగానే అందరూ పాస్‌వర్డ్ మారుస్తారు, అది చేయవలసిందే. అయితే దొంగ లోపల ఉన్నంతసేపు ఏయే కిటికీల గడియలు తీసి పెట్టాడో వెతికి మూయకపోతే తాళం మార్చి ప్రయోజనం లేదు.

మెయిల్‌లో దాచుకోవడానికి తన దగ్గర రహస్యాలేమీ లేవని చాలామంది అంటారు. దొంగకు కావలసింది మీ ఉత్తరాలు కాదు. బ్యాంకు, ఆదాయపు పన్ను పోర్టల్, ఫోన్‌లోని ఫోటోలు, షాపింగ్ యాప్‌లు, ఫేస్‌బుక్ ఇలా చాలాచోట్ల "పాస్‌వర్డ్ మరిచిపోయాను" అని నొక్కితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకో, ఓటీపీయో మెయిల్‌కు కూడా వస్తుంది. ఇంటి తాళాలన్నీ వేలాడే గుత్తి అది.

మెయిల్‌ను నమ్మే ముందు

మొదట పంపినవారి పేరును కాదు, చిరునామాను చూడండి. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. ఫోన్‌లో పేరు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి దాని మీద వేలు పెట్టి నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. మెయిళ్లను చేరవేసే మూల పద్ధతి 1980ల తొలినాళ్లలో, ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది వాడే కాలంలో తయారైంది. కవరు వెనక ఎవరి పేరు రాసినా తపాలా పెట్టె కాదనదు కదా, ఈ పద్ధతి కూడా అంతే. పంపినవాడు ఫలానా అని రాసుకుంటే నిజమా అని అడగదు. ఆ లోపాన్ని పూడ్చే తనిఖీలు తర్వాత వచ్చాయి, జీమెయిల్ వంటివి వాటిని వాడుతున్నాయి కూడా. అయినా మోసపు మెయిళ్లు ఇన్‌బాక్సు దాకా వస్తూనే ఉన్నాయి.

చిరునామాను, లింకును కుడి చివర నుంచి ఎడమకు చదవడం అలవాటు చేసుకోండి. లింకు మొదట్లో వచ్చే https:// ను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు ఉన్న చివరి భాగమే దాని అసలు యజమాని ఎవరో చెబుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానాల అధికారిక వెబ్‌సైటు చిరునామా ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ముగుస్తుంది. జీఓవీ డాట్ ఇన్ అనేది ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు దొరకదు. కాబట్టి "టీటీడీ", "తిరుపతి", "బాలాజీ", "దర్శన్" అన్న మాటలు చిరునామాలో ముందు ఎన్ని ఉన్నా, టికెట్ల లింకు చివర ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ లేకపోతే అందులో డబ్బూ, వివరాలూ ఇవ్వకండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో నిమిషాల మీద అయిపోతాయి. ఆ ఆత్రంలో ఉన్న భక్తుడికి "మీ బుకింగ్ రద్దయింది, వాపసు కోసం ఇక్కడ నొక్కండి" అనో, "గది కేటాయించాం, ఆధార్ వివరాలు నింపండి" అనో మెయిల్ వస్తే చిరునామా చూసే ఓపిక ఉండదు. నకిలీ వెబ్‌సైట్ల గురించి దేవస్థానం పలుమార్లు హెచ్చరించింది. దూరాన ఉన్న మీ బంధువులు దర్శనం టికెట్ల కోసం మిమ్మల్ని అడిగినప్పుడు ఈ ఒక్క గుర్తు వారికి చెప్పండి.

బ్యాంకుల విషయంలోనూ ఇలాంటి గుర్తు ఒకటి వచ్చింది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను బ్యాంక్ డాట్ ఇన్ అన్న ముగింపుకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించి, ఆ ఏడాది అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. లింకు అలా ముగియకపోతే అందులో వివరాలేవీ నింపకండి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, బ్యాంకు నుంచి వచ్చినట్టున్న ఏ మెయిల్‌లోనూ లింకు నొక్కకుండా, మీ ఫోన్‌లోని బ్యాంకు యాప్‌ను మీరే తెరిచి చూడడం. చెప్పవలసిన విషయం నిజంగా ఉంటే అక్కడ కూడా ఉంటుంది.

అక్షరాలను కూడా దగ్గర నుంచి చూడండి. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఆర్ పక్కన ఎన్ పెడితే ఫోన్ తెర మీద ఎమ్ లాగే ఉంటుంది. ఎల్ అక్షరం బదులు 1 అంకె, ఓ బదులు సున్న పెట్టినా కంటికి ఆనదు. ఒక సంస్థతో ఏళ్లుగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుతున్నవారు కూడా ఈ తేడాను పట్టుకోలేరు, ఎందుకంటే తెలిసిన పేరును మనం చదవం, గుర్తు పడతాం.

మా కార్యాలయంలో ఏటా జూన్, జులై నెలల్లో చూసేవి ఆదాయపు పన్ను వాపసు మెయిళ్లు. మీకు ఇంత వాపసు మంజూరైంది, కార్డు వివరాలు నింపండి అని వాటి సారాంశం. వాపసు మొత్తం మీరు పోర్టల్‌లో ముందే ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతుంది. కార్డు నంబరు, పిన్, పాస్‌వర్డ్, ఓటీపీలను పన్ను శాఖ మెయిల్ ద్వారా ఎన్నడూ అడగదు. అలాంటి మెయిల్ వస్తే వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అన్న చిరునామాకు పంపించండి.

ఉద్యోగాల పేరిట వచ్చేవి మరొక రకం. మన విశ్వవిద్యాలయాల్లో, ఇంజినీరింగ్ కళాశాలల్లో చదువు ముగించుకుంటున్న పిల్లలకు శ్రీసిటీలోని ఫలానా కంపెనీలో ఎంపికయ్యారంటూ లోగో, సంతకం, ముద్ర అన్నీ ఉన్న ఉత్తరం వస్తుంది. చివర యూనిఫాం కోసమో, శిక్షణ కోసమో, తిరిగి ఇచ్చే డిపాజిట్ పేరుతోనో కొంత మొత్తం కట్టమంటారు. ఉద్యోగం ఇచ్చేవారు డబ్బు అడగరు. అడిగారంటే ఆ ఉత్తరం ఎంత అందంగా ఉన్నా అక్కడితో ఆపేయండి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధ పెట్టేది బెదిరింపు మెయిల్. "నీ కంప్యూటరును హ్యాక్ చేశాను, కెమెరాతో నీ వీడియో తీశాను, రెండు రోజుల్లో బిట్‌కాయిన్ పంపకపోతే నీ పరిచయస్తులందరికీ పంపుతాను" అని ఉంటుంది. నిజంగా మీరు ఒకప్పుడు వాడిన పాస్‌వర్డ్ అందులో రాసి ఉంటుంది. కొన్నిసార్లు ఆ మెయిల్ మీ చిరునామా నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. చదివినవారికి కాళ్లూ చేతులూ ఆడవు, సిగ్గుతో ఎవరికీ చెప్పరు. సాధారణంగా ఇందులో నిజం ఉండదు. మీరు ఎప్పుడో చేరిన ఏదో వెబ్‌సైటు నుంచి లక్షల పాస్‌వర్డులు బయటికి పొక్కితే, ఆ జాబితా పట్టుకుని ఇదే ఉత్తరాన్ని అందరికీ పంపుతారు. మీ చిరునామా నుంచి వచ్చినట్టు కనిపించడానికి కారణం పైన చెప్పిన తపాలా కవరు కిటుకే. జవాబు ఇవ్వకండి, డబ్బు పంపకండి, ఆ పాత పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే వెంటనే మార్చండి. ఇంట్లో పిల్లలుంటే ఇలాంటి ఉత్తరం ఒకటి తిరుగుతోందని, వస్తే భయపడకుండా మీకు చూపించమని ముందే చెప్పి ఉంచండి. ఎవరి దగ్గరైనా నిజంగానే ఫోటోలో, వీడియోలో ఉండి బెదిరిస్తుంటే అది వేరే నేరం, దాన్ని పోలీసులకు చెప్పాలి. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఇటువంటి నేరాలపై పేరు వెల్లడించకుండా ఫిర్యాదు చేసే వీలు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఉంది.

లింకు నొక్కేసిన తర్వాత

మెయిల్‌ను తెరిచి చదివినంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు. లింకు నొక్కి, వచ్చిన పేజీలో ఏమీ నింపకుండా మూసేసినా కంగారు పడనక్కర్లేదు. పాస్‌వర్డ్ కొట్టి ఉంటే మాత్రం ఆ క్షణం నుంచి అది మీది కాదు. ఇంకో ఫోన్ నుంచో, కంప్యూటరు నుంచో అసలు వెబ్‌సైటును మీరే తెరిచి మార్చండి, అదే పాస్‌వర్డ్ మరెక్కడ వాడినా అక్కడ కూడా మార్చండి. కార్డు వివరాలో, ఓటీపీయో ఇచ్చి ఉంటే మెయిల్ సంగతి తర్వాత, ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డును, నెట్ బ్యాంకింగ్‌ను ఆపించండి. కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయాలి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.

అటాచ్‌మెంటును తెరిచి ఏదైనా ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ఆ పరికరాన్ని నెట్ నుంచి విడదీయండి. శుభ్రం చేసేవరకు దాని మీద ఏ పాస్‌వర్డూ కొట్టకండి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వైరస్ ఉన్న కంప్యూటరు మీదే కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెడతారు, అది కూడా వెంటనే అవతలివాడికి చేరిపోతుంది.

ఖాతా ఇంకా మీ చేతిలోనే ఉంటే

పంపిన మెయిళ్లలో మీరు రాయనివి కనబడడం, మీరు అడగకుండానే పాస్‌వర్డ్ మార్పు కోడ్‌లు రావడం, రావలసిన మెయిళ్లు రాకపోవడం, మీ పేరుతో డబ్బు అడిగారని బంధువులు ఫోన్ చేయడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా, మీ పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తుంటే, కింది పనులను ఇదే వరుసలో చేయండి. జీమెయిల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను, మిగిలినవాటిలో పేర్లు మారినా పని ఒకటే.

నమ్మకమైన కంప్యూటరు ముందు కూర్చోండి. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ వంటి సెట్టింగులు ఫోన్ యాప్‌లో కనిపించవు, అందుకే ఎందరికో వాటి సంగతే తెలియదు. ముందుగా పాస్‌వర్డ్ మార్చండి. ఇంకెక్కడా వాడనిది, పొడవైనది పెట్టండి. నాలుగైదు సంబంధం లేని తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తుంటుంది, ఊహకూ అందదు. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, గోవిందనామాలు, బండి నంబరు వద్దు.

రెండవది, గూగుల్ ఖాతాలోని భద్రత విభాగంలో "యువర్ డివైసెస్" తెరవండి. మీ ఖాతా ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ వరుసగా కనిపిస్తుంది. తెలియని ప్రతి దాన్నీ సైనౌట్ చేయండి. సందేహం ఉన్నదాన్ని కూడా చేయండి, మీదే అయితే మళ్లీ లాగిన్ కావచ్చు. కంప్యూటరులో జీమెయిల్ పేజీ అడుగున కుడివైపు చిన్న అక్షరాల్లో "డీటెయిల్స్" అని ఉంటుంది. అది నొక్కితే ఇటీవల ఖాతా ఎక్కడి నుంచి, ఎప్పుడు తెరుచుకుందో తెలుస్తుంది. దాన్ని ఫోటో తీసి ఉంచుకోండి, పోలీసు ఫిర్యాదుకు పనికొస్తుంది.

మూడవది రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్, అంటే పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతాను తిరిగి తెరిచే కోడ్ వెళ్లే చోట్లు. వీటిని దొంగ తనవిగా మార్చి ఉండవచ్చు. కానీ మా దగ్గర నేను ఎక్కువగా చూసేది వేరే సమస్య. ఒక తల్లి తన కొడుకు పరీక్ష దరఖాస్తు కోసం వాడిన మెయిల్ తెరుచుకోవడం లేదని వచ్చింది. రికవరీ కోడ్ ఏ నంబరుకు వెళ్తోందో చూస్తే చివరి రెండంకెలు వారి ఇంట్లో ఎవరివీ కావు. "నెట్ సెంటర్ అన్న చేసిచ్చినాడు సార్, ఆయన నంబరే వేసుకున్నట్టుండాడు" అని ఆమె అన్నది. ఆయనలో చెడు ఉద్దేశం ఏమీ లేదు, ఓటీపీ కోసం పదేపదే అడగడం కష్టమని అలా చేశాడు. అయినా ఆ పిల్లవాడి హాల్ టికెట్, ర్యాంకు, సీటు కేటాయింపు సమాచారమంతా మరొకరి ఫోన్‌కు కట్టి ఉంది. ఫోన్ కొన్న అంగట్లో దుకాణం కుర్రవాడు చేసిచ్చిన గూగుల్ ఖాతాలదీ ఇదే కథ. మీ అమ్మానాన్నల ఫోన్‌లలో ఏ ఖాతా ఉంది, దాని రికవరీ నంబరు ఎవరిది అని ఈ వారమే చూడండి. పాత సిమ్ వదిలేసి కొత్తది తీసుకున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మూతబడిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీలు మరొకరికి ఇచ్చే వీలుంది, మీ రికవరీ కోడ్‌లు ఆ మరొకరికి చేరతాయి.

నాలుగవది ఫిల్టర్లు. జీమెయిల్ సెట్టింగుల చక్రం నొక్కి, "సీ ఆల్ సెట్టింగ్స్" తెరిచి, "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్" అన్న పేజీకి వెళ్లండి. మీరు పెట్టనిది ఏది ఉన్నా తొలగించండి. దొంగ రాసేవి ఎక్కువగా రెండు రకాలుగా ఉంటాయి. బ్యాంకు, పాస్‌వర్డ్, ఓటీపీ, ఇన్‌వాయిస్ వంటి మాటలున్న మెయిళ్లను మీ కంట పడకుండా చేసేవి మొదటి రకం, ఒక వ్యక్తి నుంచి వచ్చేవాటిని మాత్రమే దాచేవి రెండవ రకం. తొలగించే ముందు తెర ఫోటో తీసుకోండి, ఎందుకంటే ఆ వరుసలో ఎవరి పేరుందో వారినే దొంగ మోసం చేయబోతున్నాడని అర్థం. మా మామిడి గుజ్జు వ్యాపారి విషయంలో ఆ వరుసను మొదటి రోజే చూసి ఉంటే, మధ్యలో ఆ కొనుగోలుదారు రాసిన రెండు ప్రశ్నలకు జవాబు వెళ్లి ఉండేది.

అదే చోట "ఫార్వర్డింగ్" పేజీలో తెలియని చిరునామా ఉంటే తీసేయండి, లేకపోతే మీకు వచ్చే ప్రతి మెయిల్ నకలు వాడికి వెళ్తూనే ఉంటుంది. "అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్" పేజీలో మీ పేరుతో పంపే అనుమతి, మీ ఖాతాను చూసే అనుమతి ఎవరికైనా ఇచ్చినట్టుందేమో చూడండి. ప్రతి మెయిల్ చివర వచ్చే సంతకాన్ని, మీరు సెలవులో ఉన్నప్పుడు తనంతట తానే వెళ్లే సమాధానాన్ని కూడా ఒకసారి చదవండి, వాటిలో ఫోన్ నంబరో, బ్యాంకు ఖాతాయో మార్చి ఉండవచ్చు. తర్వాత గూగుల్ ఖాతాకు అనుసంధానమైన బయటి యాప్‌ల జాబితా తెరవండి. వీటిలో కొన్నింటికి పాస్‌వర్డ్ మార్చిన తర్వాత కూడా అనుమతి కొనసాగుతుంది. యాప్ పాస్‌వర్డులు (కొన్ని యాప్‌లకు మెయిల్ తెరవడానికి విడిగా ఇచ్చేవి) అన్న పేజీ ఉంటే అందులోనివి కూడా తొలగించండి.

ఇక మిగిలింది ఆ మెయిల్‌తో తెరిచే ఇతర ఖాతాలు. బ్యాంకు, పన్ను పోర్టల్, జీఎస్టీ, షాపింగ్, ఫేస్‌బుక్, ఈ వరుసలో మార్చండి. చెత్తబుట్టను తప్పక వెతకండి. దొంగ వేరే సైట్లలో పాస్‌వర్డ్ మార్చినప్పుడు వచ్చిన మెయిళ్లను చెరిపేస్తాడు, కానీ జీమెయిల్ చెత్తబుట్టలో అవి 30 రోజులు ఉంటాయి. అవే మీకు వాడు ఎక్కడెక్కడికి వెళ్లాడో చెబుతాయి.

ఆపైన మనుషులకు చెప్పండి. మెయిల్‌లో కాదు, ఫోన్ చేసి చెప్పండి, వ్యాపారమైతే ముందు డబ్బు చెల్లించవలసినవారికి, తర్వాత మీరు చెల్లించవలసినవారికి. కలంకారీ చీరలు బయటి ఊళ్లకు పంపే శ్రీకాళహస్తి వ్యాపారి అయినా, బెల్లం అమ్మే చిత్తూరు మండీ యజమాని అయినా ఒక నియమం పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతా మారిందని ఎవరు రాసినా, పాత నంబరుకు ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి నిర్ధారించుకునే దాకా రూపాయి కదలకూడదు. మెయిల్ నిజమైన ఖాతా నుంచే వచ్చినప్పుడు అక్షరాల తనిఖీలు, సాంకేతిక తనిఖీలు అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఫోన్ ఒక్కటే నిజం చెబుతుంది.

ఖాతా తెరుచుకోకపోతే

పాస్‌వర్డ్ మార్చేసి మిమ్మల్ని బయటికి నెట్టేస్తే, గూగుల్ ఖాతా రికవరీ పేజీకి వెళ్లండి. ఇంతకుముందు ఆ మెయిల్ తెరిచిన ఫోన్ లేదా కంప్యూటరు మీద, మామూలుగా వాడే ఇంటి వైఫై మీద, మామూలుగా వాడే బ్రౌజరులోనే ప్రయత్నించండి. అడిగే ప్రశ్నలకు సాధ్యమైనంతవరకు జవాబులు ఇవ్వండి. గుర్తున్న చివరి పాస్‌వర్డ్ పాతదైనా ఇవ్వండి. రికవరీ నంబరును దొంగ మార్చినా, మీరు ముందు పెట్టుకున్న నంబరు ఏడు రోజుల వరకు పనికొస్తుంది, అందువల్ల ఆలస్యం చేయకూడదు. తొందరలో వేరే వేరే ఫోన్‌ల నుంచి పదే పదే ప్రయత్నిస్తే పని మరింత కష్టమవుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "జీమెయిల్ కస్టమర్ కేర్" అని వెతికితే దొరికే ఫోన్ నంబర్లను నమ్మకండి. పాస్‌వర్డ్ పోయిన వ్యక్తిగత ఖాతాను ఫోన్‌లో డబ్బు తీసుకుని తెరిచిపెట్టే విభాగం గూగుల్‌కు లేదు. ఆ నంబర్ల వెనక ఉన్నవారు ఒక కోడ్ చెప్పమంటారు, తెరను చూపించే యాప్ వేసుకోమంటారు. ఒకసారి దెబ్బ తిన్నవారిని వెతుక్కుంటూ వచ్చే రెండో దొంగలు వీరు.

డబ్బు పోయి ఉంటే

వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది జాతీయ సైబర్ మోసాల సహాయ నంబరు. మోసపోయిన డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు, అక్కడి నుంచి ఇంకొకదానికి గంటల్లోనే పోతుంది. మీ ఫిర్యాదు అందగానే ఆయా బ్యాంకులకు సమాచారం వెళ్లి, ఇంకా కదలని మొత్తాన్ని అక్కడే ఆపుతారు. నేను చెప్పిన వ్యాపారి విషయంలో కొనుగోలుదారు అదే రోజు ఫోన్ చేయడం వల్ల కొంత మొత్తం నిలిచింది, మిగిలింది అప్పటికే దాటిపోయింది. ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా నంబరు, డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు, లావాదేవీ సంఖ్య, తేదీ, సమయం ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేసి, దాని సంఖ్యను దాచుకోండి.

బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. మీ అనుమతి లేకుండా, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన లావాదేవీని బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పని దినాల్లోపు తెలియజేస్తే, ఖాతాదారుపై భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఉత్తర్వు ఇచ్చింది. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే కొంత పరిమితి వరకు మీరు భరించాలి. మీరే ఓటీపీయో, పాస్‌వర్డో ఇచ్చిన సందర్భంలో, బ్యాంకుకు చెప్పే క్షణం వరకు జరిగిన నష్టం మీదే, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అందుకే తప్పు మనదే అయినా సిగ్గుపడి ఆగకూడదు.

పోలీసు స్టేషనుకు వెళ్లవలసి వస్తే, ఇది మా పరిధి కాదు అన్న మాటతో వెనక్కి రానక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. మరొకరి పాస్‌వర్డును దొంగిలించి వాడడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద, కంప్యూటరు ద్వారా మరొకరిలా నటించి మోసగించడం 66డి కింద నేరాలు. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ఆధారంగా ఆ మోసపు మెయిల్‌ను చెరపకుండా ఉంచాలి. కంప్యూటరులో దాన్ని తెరిచి, మూడు చుక్కలు నొక్కి, "షో ఒరిజినల్" ఎంచుకుంటే అది వచ్చిన దారి అంతా కనబడుతుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. స్పామ్‌లో ఉన్న మెయిల్ 30 రోజుల్లో తనంతట తానే పోతుంది కాబట్టి ముందు ఇన్‌బాక్సులోకి తెచ్చుకోండి.

మళ్లీ జరగకుండా

రెండంచెల ధ్రువీకరణను పెట్టుకోండి. పాస్‌వర్డ్ తెలిసినా మీ ఫోన్ చేతిలో లేకుండా ఖాతా తెరుచుకోదు. ఎస్ఎంఎస్ కోడ్ కంటే ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్, దానికంటే వేలిముద్రతోనో, ఫోన్ పిన్‌తోనో తెరిచే పాస్‌కీ మేలు, కానీ ఏదీ లేకపోవడం కంటే ఎస్ఎంఎస్ అయినా మేలే. ఫోన్ చేతిలో లేని రోజు కోసం, అడిగితే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ఫోన్‌లో ఫోటోగా కాకుండా కాగితం మీద ముద్రించి, పట్టాదారు పాసుపుస్తకం, బీమా పత్రాలు ఉండే చోట పెట్టండి. కొండ మీద గుంపులో ఫోన్ పోగొట్టుకున్న రోజున మిమ్మల్ని ఇంటికి చేర్చేది ఆ కాగితమే.

నెట్ సెంటర్‌లో మెయిల్ తెరవక తప్పకపోతే మీరు చూసినవాటిని గుర్తుంచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవమని అడగండి, "పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా" అని వస్తే వద్దని నొక్కండి, లేచే ముందు సైనౌట్ అయ్యారో లేదో మీ కళ్లతో చూడండి. ఇంటికి వచ్చాక పాస్‌వర్డ్ మార్చుకోండి.

ఇవన్నీ చేసిన వారం తర్వాత, కంప్యూటరు ముందు మరోసారి కూర్చుని, ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, పరికరాల పేజీలను మళ్లీ తెరవండి. ఏదైనా తిరిగి వచ్చి ఉంటే, మీరు మూయని కిటికీ ఇంకొకటి ఉందన్నమాట. బయటి యాప్‌ల జాబితా నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఆ తర్వాత మీరు వాడే కంప్యూటరునే అనుమానించండి.